తొలి దుముకు

ఈత మన ప్రాంతానికి కొత్త విద్య కాదు. కృష్ణా కాలువలు పారే పల్లెలలో పుట్టిన పిల్లవానిని నీకు ఈత ఎప్పుడు వచ్చిందని అడిగితే చెప్పలేడు; నడక ఎప్పుడు వచ్చిందో చెప్పలేనట్లే. గేదె తోక పట్టుకొని కొందరు, ఎండిన సొరకాయ బుర్ర నడుముకు కట్టుకొని కొందరు, అన్నలు వెనుకనుండి నెట్టివేయగా మింగిన నీళ్లు కక్కుకొంటూ కొందరు నేర్చినవారే. ఆ ఈతకు ఆరంభమంటూ వేరుగా ఏదీ లేదు. నీటిలో దిగడం ఆరంభం, ఒడ్డు చేరడం ముగింపు.

పందెపు ఈత అట్టిది కాదు. అక్కడ ఆరంభమే ఒక ప్రత్యేక విద్య. ఈతగాడు దిమ్మె ఎక్కి నిలవడం, వంగడం, కదలక ఆగడం, సంకేతం విన్నంతనే దుమకడం, గాలిలో సాగడం, నీటిలో ప్రవేశించడం, మొదటి బార వేసేవరకు నీటి అడుగున జారిపోవడం, ఇవన్నీ ఆ విద్యలో భాగాలు. ఉత్తమ శ్రేణి పురుషులకు 50 మీటర్ల ఫ్రీస్టైల్ పందెం 21, 22 సెకన్లలో ముగిసిపోతుంది. అందులో మొదటి 15 మీటర్లను ఆరంభపు ఫలితంగా లెక్కించడం శిక్షకుల వాడుక. అనగా పందెంలో దాదాపు మూడవ వంతు దిమ్మె మీదనే నిర్ణయమవుతుందన్న మాట. ఈ విద్యను గూర్చి మేము చదివి తెలుసుకొన్నదీ, చేసి తెలుసుకొన్నదీ మన వార్షిక సంచిక పాఠకులకు విన్నవించాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మేమనగా నలుగురము. ఇద్దరము రేపల్లె వైపు వారము, ఒకరు తెనాలి, ఒకరు గుంటూరు పట్టణం. ఇద్దరి ఇంటి భాష ఉర్దూ, ఇద్దరిది తెలుగు. అంతర కళాశాలల ఈత పోటీలకు మన కళాశాల తరఫున పేర్లు ఇమ్మని ప్రకటన వచ్చినప్పుడు ముందుకు వచ్చినది మేమే. కాలువలో ఎదురీదగల బలం మాకున్నది. లాకుల గోడ మీదనుండి కాళ్లు ముందుగా దూకే అలవాటూ ఉన్నది. కాని తల ముందుగా, చేతులు చాచి, శరీరమంతా కర్రవలె బిగించి నీటిలో ప్రవేశించడం మాలో ఎవరికీ తెలియదు. ఉర్దూ మిత్రులు గాలిలోకి ఎగిరే దుముకును ‘ఛలాంగ్’ అనీ, నీటిలోకి మునిగే మునకను ‘గోతా’ అనీ వేరు చేసి చెబుతారు. మన వ్యాయామ అధ్యాపకులు ఆ రెండు మాటలనూ పట్టుకొన్నారు. “మీకు ఛలాంగ్ వచ్చును, గోతా వచ్చును. ఈ రెండింటినీ అతుకు తెలియకుండా కలపడమే మీరు నేర్వవలసినది” అన్నారు.

ఈ అతుకు కోసం ప్రపంచం ఎంతకాలం శ్రమించినదో తరువాత చదివినప్పుడు మాకు తెలిసింది. 1896లో ఏథెన్సులో తొలి ఆధునిక ఒలింపిక్ క్రీడలు జరిగినప్పుడు ఈత కొలను లేదు. పిరేయస్ రేవు దగ్గర జియా అఖాతంలో, చల్లని సముద్రంలో పందేలు జరిగాయి. దూరపు పందెంలో పోటీదారులను పడవలలో సముద్రంలోనికి తీసుకొనిపోయి దింపగా వారు ఒడ్డు వైపు ఈదారు. హంగరీ యువకుడు ఆల్‌ఫ్రెడ్ హాయోష్ 100 మీటర్లలోను, 1200 మీటర్లలోను గెలిచాడు. అంటే తొలి ఒలింపిక్ విజేత కూడ ఒక విధంగా మన కాలువ పిల్లలవలె ఈదినవాడే. దిమ్మెలు ఒలింపిక్ కొలనుకు వచ్చింది 1936 బెర్లిన్ క్రీడలలో. అంతకుముందు కొలను గట్టు అంచు మీదనుండి దూకేవారు.

దిమ్మె వచ్చిన తరువాత కూడ చాలకాలం చేతులు ఊపి దూకడమే పద్ధతిగా ఉండేది. మోకాళ్లు వంచి, చేతులు వెనుకకు లేక చుట్టూ త్రిప్పి, ఆ ఊపుతో ముందుకు ఎగిరేవారు. మన ప్రాంతపు ఈతగాడు షంషేర్ ఖాన్ గారు 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలలో దిమ్మె ఎక్కిన నాటికి వాడుకలో ఉన్న పద్ధతి ఇదే. ఆయన రేపల్లె ప్రాంతపు పల్లెవారు. అది అప్పుడు గుంటూరు జిల్లా, 2022 నుండి బాపట్ల జిల్లా. భారత సైన్యంలో పనిచేసి, 200 మీటర్ల బటర్‌ఫ్లై పందెంలో దేశం తరఫున పాల్గొన్నారు. బటర్‌ఫ్లైని బ్రెస్ట్‌స్ట్రోక్ నుండి విడదీసి వేరు పందెంగా ఒలింపిక్సులో పెట్టింది కూడ ఆ క్రీడలలోనే. 2017లో ఆయన పరమపదించినప్పుడు పత్రికలలో వచ్చిన వార్తను మా రేపల్లె మిత్రుని తండ్రిగారు కత్తిరించి దాచారు. మాకు ఆ కాగితం ముక్క చేతికి వచ్చేవరకు మన పల్లెల నుండి ఒకరు ఒలింపిక్ దిమ్మె ఎక్కారన్న సంగతే తెలియదు.

1967లో ఎరిక్ హనావర్ అనే అమెరికా శిక్షకుడు ఒక కొత్త పద్ధతిని ప్రకటించాడు. చేతులు ఊపడానికి పట్టే కాలం వృథా అవుతున్నది గనుక, ముందే వంగి దిమ్మె అంచును చేతులతో పట్టుకొని, సంకేతం రాగానే చేతులతో శరీరాన్ని ముందుకు లాగుకొని ఎగరడం ఆ పద్ధతి. దానిని గ్రాబ్ స్టార్ట్ అన్నారు. చేతులు ఊపినప్పుడు దూరం ఎక్కువ పోవచ్చును గాని బయలుదేరడం ఆలస్యం. పట్టుకొని దూకితే ఎగిరే వేగం కొంత తగ్గవచ్చును గాని బయలుదేరడం త్వరితం. కొద్ది సంవత్సరాలలోనే ప్రపంచమంతటా ఇది వ్యాపించింది. తరువాత పరుగుపందెగాడు నిలిచినట్లు ఒక పాదం అంచున, ఒక పాదం వెనుక పెట్టే ట్రాక్ స్టార్ట్ వచ్చింది. రెండు పాదాలూ అంచున ఉన్నవాడు ముందుకు తూలే ప్రమాదం ఎక్కువ. ఒక పాదం వెనుక ఉన్నవానికి నిలకడ ఎక్కువ. నేటి నియమం ప్రకారం కనీసం ఒక పాదం దిమ్మె ముందు అంచున ఉంటే చాలును.

2009 నాటికి దిమ్మెయే మారింది. వెనుక పాదానికి ఆనికగా వాలుపలక ఒకటి అమర్చారు. ఈతగాని పొడవును బట్టి దానిని ముందుకు, వెనుకకు జరుపుకోవచ్చును. 2012 లండన్ ఒలింపిక్సు నాటికి అందరూ ఆ పలకను తన్నుకొనే ఎగిరారు. వెల్లకిల ఈదే బ్యాక్‌స్ట్రోక్ వారికి దిమ్మె ఎక్కే పని లేదు. నీటిలోనే ఉండి, దిమ్మె పట్టీలు చేతులతో పట్టుకొని, గోడను తన్ని వెనుకకు ఎగురుతారు. వారి పాదాలు గోడ మీద జారకుండ ఆనుకొనేందుకు చిన్న ఆసరా ఒలింపిక్సులో మొదటిసారిగా 2016 రియో క్రీడలలో వచ్చింది.

ఇక దూకడంలోని కిటుకు చెప్పుకొందాము. నీరు గాలికంటె దాదాపు 800 రెట్లు సాంద్రమైనది. గాలిలో మనిషికి లభించిన వేగాన్ని నీరు క్షణంలో హరించివేస్తుంది. ఎంత తక్కువ హరించేటట్లు చేయగలమన్నదే సమస్య. చేతివేళ్లు నీటిని ఎక్కడ చీల్చాయో ఆ రంధ్రం గుండానే తల, భుజాలు, నడుము, పాదాలు వరుసగా దూరాలి. సూదిలో దారం ఎక్కినట్లుండాలి. పొట్ట ముందుగా తగిలితే నీరు చెంపదెబ్బవలె కొట్టి అక్కడికక్కడే ఆపివేస్తుంది. మొదటి దినాలలో మా నలుగురి పొట్టలూ ఎర్రగా కందిపోయిన మాట నిజం. సరిగా ప్రవేశించినవాడు నీటి అడుగున జారుతున్నప్పుడు పైన ఈదేటప్పటికంటె వేగంగా పోతాడు. ఆ వేగం ఈత వేగానికి దిగివచ్చే సమయం కనిపెట్టి పైకి రావాలి. ముందే వస్తే ఉన్న వేగం వదులుకొన్నట్లు. ఆలస్యమైతే వేగం చచ్చిన తరువాత మళ్లీ పుట్టించుకోవలసిన పని.

నీటి అడుగున ప్రయాణం ఎంత లాభకరమో కొందరు కనుగొన్నందువల్ల నియమాలు మార్చవలసి వచ్చింది. షంషేర్ ఖాన్ గారు పాల్గొన్న మెల్‌బోర్న్ క్రీడలలోనే జపానుకు చెందిన మసారు ఫురుకవా 200 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్ పందెంలో అధిక భాగం నీటి అడుగున ఈది స్వర్ణం గెలిచాడు. దానితో ఆ పద్ధతిని నిషేధించారు. 1988 సియోల్‌లో బ్యాక్‌స్ట్రోక్ 100 మీటర్లలో అమెరికా యువకుడు డేవిడ్ బెర్కాఫ్, జపాను యువకుడు డైచి సుజుకి ఇద్దరూ మొదటి కొలను పొడవులో సగానికి పైగా అడుగునే పోయారు. సుజుకి గెలిచాడు. ఆ తరువాత హద్దులు పెట్టగా చివరకు 15 మీటర్లు స్థిరపడింది. 1996 అట్లాంటాలో రష్యా ఈతగాడు డెనిస్ పంక్రటోవ్ బటర్‌ఫ్లైలో రెండు స్వర్ణాలు అందుకొన్న తరువాత ఆ పందేనికీ అదే హద్దు వచ్చింది. నేడు ఫ్రీస్టైల్, బ్యాక్‌స్ట్రోక్, బటర్‌ఫ్లై పందేలలో 15 మీటర్ల లోపల తల నీటిపైకి రావలసినదే.

మమ్ము ఎక్కువగా ఆలోచింపజేసినది మాత్రం సంకేతం సంగతి. ఎనిమిది వరుసల కొలనులో వరుసకు రెండున్నర మీటర్ల వెడల్పు. స్టార్టరు ఒక ప్రక్కన నిలిచి తుపాకి పేలిస్తే, ఆ ధ్వని చివరి వరుసవానిని చేరడానికి సుమారు 20 మీటర్లు పోవాలి. సెకనుకు 340 మీటర్ల చొప్పున అది సెకనులో నూరింట ఆరు వంతుల కాలం. సెకనుకు రెండు మీటర్లు ఈదేవానికి అది 12 సెంటీమీటర్ల దూరం, అనగా సుమారు అర జానెడు. పందెం మొదలు కాకముందే ఒకడు అంత వెనుకబడి ఉన్నాడన్న మాట. ఈ అన్యాయం తొలగించడానికే ప్రతి దిమ్మెకూ ఒక స్పీకరు అమర్చారు. ధ్వని వినలేని వారి కోసం దీపకాంతి సంకేతం వచ్చింది. 2000 సిడ్నీ ఒలింపిక్సులో దక్షిణాఫ్రికాకు చెందిన టెరెన్స్ పార్కిన్ 200 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్‌లో రజతం గెలిచాడు. ఆయన పుట్టు బధిరుడు. వెలుగు చూసి దూకినవాడు, చెవులున్న అందరికంటె ముందు, ఒక్కని వెనుక మాత్రమే వచ్చాడు.

అతిసూక్ష్మమైన కొలత న్యాయమనుకోవడం కూడ పొరపాటేనని 1972 మ్యూనిక్ క్రీడలు చూపాయి. 400 మీటర్ల మెడ్లీలో స్వీడన్‌కు చెందిన గున్నార్ లార్సన్, అమెరికాకు చెందిన టిమ్ మెక్కీ కంటె సెకనులో వెయ్యింట రెండు వంతులు ముందు వచ్చాడని తేల్చి స్వర్ణం ఇచ్చారు. ఆ వేగంలో అది సుమారు 3 మిల్లీమీటర్లు. కొలను గోడ మీద వేసిన పూత మందం వరుస వరుసకూ అంత తేడా ఉండవచ్చును గదా! అందుచేత తరువాత నూరవ వంతు వరకే లెక్కించి, సమానమైతే ఇద్దరికీ పతకం ఇవ్వడం నియమమైంది. సిడ్నీలో 50 మీటర్ల ఫ్రీస్టైల్‌లో గ్యారీ హాల్, ఆంథొనీ ఎర్విన్ ఇద్దరూ 21.98 సెకన్లకు గోడ తాకి ఇద్దరూ స్వర్ణం అందుకొన్నారు.

ఆరంభంలో తొందర పడ్డవానికి క్షమ లేదు. పూర్వం ఒకమారు తప్పు దూకినా మరల అందరినీ పిలిచి నిలబెట్టేవారు. నేడు సంకేతానికి ముందు బయలుదేరినవాడు అనర్హుడే. సిడ్నీలోనే 100 మీటర్ల ఫ్రీస్టైల్ తొలి పోటీలలో ముగ్గురు దిమ్మెలెక్కగా ఇద్దరు తొందరపడి తొలగిపోయారు. మిగిలిన ఒక్కడు ఈక్వటోరియల్ గినీ దేశపు ఎరిక్ ముసాంబాని. అంతకుముందు 50 మీటర్ల కొలనులో ఈదని అతడు ఒంటరిగా 1 నిమిషం 52.72 సెకన్లకు ఒడ్డు చేరినప్పుడు జనమంతా లేచి చప్పట్లు కొట్టారు. మహా ఈతగాడు ఇయాన్ థోర్ప్ 2004లో ఆస్ట్రేలియా ఎంపిక పోటీలలో సంకేతానికి ముందే దిమ్మె మీదనుండి తూలి నీటిలో పడిపోయాడు. నియమం ఆయనకూ ఒకటే. ఆ స్థానం పొందిన సహచరుడు క్రెయిగ్ స్టీవెన్స్ దానిని వదులుకొనగా, థోర్ప్ ఏథెన్సుకు వెళ్లి 400 మీటర్ల స్వర్ణం గెలిచాడు.

మా సాధన సంగతికి వస్తే, మాకు దిమ్మె లేదు. వ్యాయామ అధ్యాపకులు నియమాల పుస్తకం చూపారు. దిమ్మె పైభాగం కనీసం అర మీటరు చదరం, వాలు 10 డిగ్రీలకు మించరాదు, నీటికి పైన ఎత్తు అర మీటరు నుండి ముప్పావు మీటరు వరకు. వడ్రంగి దగ్గర ఆ కొలతలకు ఒక బల్ల చేయించారు. 50 సెంటీమీటర్ల పలకకు వెనుక వైపు దాదాపు 9 సెంటీమీటర్లు ఎత్తు లేపితే 10 డిగ్రీల వాలు వస్తుందని గణిత విద్యార్థి అయిన మా తెనాలి మిత్రుడు లెక్క కట్టాడు. జారకుండ పైన గరుకు చాప అతికించాము. ఆ బల్లను లాంగ్ జంప్ ఇసుక గుంట అంచున పెట్టి, నెల దినాలు ఉదయం ఇసుకలోనికి కాళ్ల మీద దూకాము. కాలువలో మాత్రం తల ముందుగా దూకవద్దని అధ్యాపకులు మొదటి దినమే కట్టడి చేశారు. ఒక వెదురు గడ తెచ్చి లాకు దగ్గర కొలిపించారు. ఒకచోట నిలువు లోతు, నాలుగు అడుగుల అవతల నడుము లోతు, మధ్యలో బురదలో కూరుకొన్న రాయి. “పైనుండి చూచినప్పుడు నీళ్లన్నీ ఒకటే. గడ చెప్పిందే నిజం” అన్నారు.

సాధనలో అన్నిటికంటె కష్టమైనది ఎగరడం కాదు, ఆగడం. ‘టేక్ యువర్ మార్క్స్’ అన్న తరువాత అందరూ కదలకుండ ఉన్నప్పుడే స్టార్టరు సంకేతం ఇస్తాడు. ఆ వ్యవధి ఎంతో ముందు తెలియదు. మాలో ఒకరు బల్ల ఎక్కితే మరొకరు వెనుక నిలిచి, ఒకసారి రెండు సెకన్లకు, ఒకసారి ఐదు సెకన్లకు చప్పట్లు కొట్టేవారు. మూడవవారు సెల్‌ఫోనులో మెల్లగా కదిలే చిత్రం తీసేవారు. చప్పుడుకు ముందే మడమ లేస్తే చిత్రం పట్టి ఇచ్చేది. గుంటూరు మిత్రుడు దీనికి ‘సబ్ర్ కా ఇమ్తిహాన్’ అని పేరు పెట్టాడు. ఓర్పుకు పరీక్ష అని తెలుగు మిత్రులకు అర్థం చెప్పవలసిన పని లేకపోయింది. తొడలు వణుకుతుండగానే అర్థమైంది. చివరి పదిహేను దినాలు పట్టణంలో రుసుము చెల్లించే కొలనులో, లోతైన వైపున, గట్టు అంచు మీదనుండి నీటిలోనికి దూకి నేర్చుకొన్నాము. బస్సు ఖర్చు, కొలను రుసుము అధ్యాపకులు తమ జీతం నుండి పెట్టుకొన్నారని మాకు తరువాత తెలిసింది.

పోటీలు జరిగిన ఊరి పేరు, కొలను పేరు ఇక్కడ వ్రాయబోము. అట్టి కొలనులు ఎన్నో ఉన్నవి. అది 25 మీటర్ల కొలను. దిమ్మెలు కట్టింది లోతు తక్కువగా ఉన్న వైపున. ప్రేక్షకుల మెట్లు, దుస్తుల గదులు ఆ వైపు ఉన్నవి గనుక దిమ్మెలూ ఆ వైపే కట్టారు. గోడ మీద మూడున్నర అడుగులు అని రంగుతో వ్రాసి ఉన్నది. మా తెనాలి మిత్రుడు దిగి నిలిస్తే నీరు రొమ్ము వరకు రాలేదు. పూర్వం ఫీనా అనీ, నేడు వరల్డ్ అక్వాటిక్స్ అనీ పిలువబడే అంతర్జాతీయ సమాఖ్య నియమం ప్రకారం దిమ్మెలున్న చోట గోడకు ఒక మీటరు దూరం నుండి ఆరు మీటర్ల దూరం వరకు కనీసం 1.35 మీటర్ల లోతు ఉండాలి. అది సుమారు నాలుగు అడుగుల ఐదు అంగుళాలు. ఇక్కడ దాదాపు ఒక అడుగు తక్కువ. ఆ దిమ్మె మీదనుండి తల ముందుగా దూకినవాడు చేతులు పైకి త్రిప్పుకొనేలోగా నేల వస్తుంది. మెడ విరిగితే మనిషి జీవితాంతం మంచం పట్టవచ్చును.

అధ్యాపకులు నిర్వాహకుల దగ్గరకు వెళ్లి, పోటీలను ఆవలి వైపు గట్టునుండి ఆరంభించమనీ, కాదంటే అందరినీ నీటిలో నిలిపి ఆరంభించమనీ కోరారు. బల్లలు, గడియారాలు అన్నీ ఇటు సర్దామన్నారు. ప్రతి సంవత్సరం ఇట్లే జరుగుతున్నది, ఎవరికీ ఏమీ కాలేదన్నారు. మీ పిల్లలు నీటిలోనుండి బయలుదేరుతామంటే మాకు అభ్యంతరం లేదు, నష్టం మీదే అన్నారు. ఆయన తిరిగి వచ్చి మాతో ఒకే మాట చెప్పారు. “మీ తల్లిదండ్రులు మిమ్ములను నాకు అప్పగించారు. ఆ దిమ్మె మీదికి మిమ్ములను ఎక్కనివ్వను.”

నెల దినాలు బల్ల మీద నేర్చిన విద్య ఆ ఉదయం మాకు పనికి రాలేదు. ఇతర కళాశాలల వారు దిమ్మెల మీద నిలిచి ఉండగా మేము నీటిలో గోడ పట్టుకొని నిలిచాము. మెట్ల మీదనుండి కొందరు నవ్వారు. 50 మీటర్ల ఫ్రీస్టైల్‌లో మా రేపల్లె మిత్రుడు దూకినవారికంటె రెండు బారలు వెనుక బయలుదేరి, ఒక్కొక్కరినీ కలుపుకొంటూ వచ్చి, మూడవవాని భుజం ప్రక్కన గోడ తాకాడు. అది నాలుగవ స్థానం. అతడు నీటిలోనుండి వెంటనే పైకి రాలేదు. అధ్యాపకులే గట్టు మీద కూర్చొని చేయి అందించారు. ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు.

మరి రెండు పందేల తరువాత వేరొక కళాశాల విద్యార్థి దిమ్మె మీదనుండి దూకి వెంటనే లేచి నిలబడ్డాడు. ముఖం నిండా రక్తం. నుదురు నేలకు ఒరుసుకొన్నది. అదృష్టవశాత్తు మెడకు ఏమీ కాలేదు. నాలుగు కుట్లు వేయించుకొని సాయంత్రానికి తిరిగి వచ్చి కూర్చొన్నాడు. కాని ఆ నీటిలో ఎర్రని మరక కరిగిపోయేవరకు కొలను చుట్టూ ఎవరి నోటా మాట లేదు. అటు పిమ్మట అన్ని కళాశాలల విద్యార్థులమూ కలసి బల్లలు, కుర్చీలు, గడియారాలు ఆవలి వైపుకు మోసుకొనిపోయాము. అరగంట పట్టింది. ఉదయం కుదరదన్న పని అరగంటలో కుదిరింది.

చివరి పందెం నలుగురి రిలే. లోతైన వైపు గట్టు అంచునుండి అందరూ సమానంగా బయలుదేరారు. రిలేలో ముందటివాడు గోడ తాకేవరకు తరువాతివాని పాదం గట్టును విడువరాదు. యంత్రాలతో కొలిచే పెద్ద పోటీలలో సైతం సెకనులో నూరింట మూడు వంతులకు మించి ముందు విడిస్తే జట్టంతా అనర్హమే. చప్పట్లకు వేచి నిలిచిన అలవాటు అక్కడ మాకు ఉపకరించింది. తొందరపడి రెండు జట్లు తొలగిపోయాయి. మేము మూడవ స్థానం పొందాము. ఆ ప్రశంసాపత్రం మన కార్యాలయం గోడ మీద ఉన్నది.

ఆ పత్రం చూచినవారు మమ్ము అభినందిస్తున్నారు. వారందరికీ కృతజ్ఞులము. కాని మాకు ఎక్కువ విలువైనది ఆ ఉదయం మేము పొందని స్థానమే. ఒక పతకం కంటె ఒక మెడ విలువైనదని తెలిసిన పెద్దమనిషి ఆ గట్టు మీద ఒకరు ఉన్నారు గనుకనే మేము నలుగురమూ నడిచి ఇంటికి వచ్చాము. ఆ దెబ్బ తగిలిన విద్యార్థికి అట్టివారు ఆ పూట ఎవరూ లేకపోయారు. స్పీకర్లు, వాలు పలకలు, నూరవ వంతు లెక్కలు అన్నీ ఆరంభంలో అందరినీ సమానం చేయడానికి మనుష్యులు కనిపెట్టినవే. ఆ సమానత్వానికి అడుగున లోతు ఉండాలి. అది లేనిచోట తక్కినవన్నీ అలంకారాలే.

కావున పాలక సంఘం వారికి మా మనవి మూడు విషయాలు. ఈత పోటీలకు ఎంపికైన విద్యార్థులకు కనీసం నెల దినాలు సరియైన కొలనులో సాధన చేసే రుసుము, ప్రయాణపు ఖర్చు కళాశాలయే భరించాలి. అది ఒక అధ్యాపకుని జీతం మీద పడరాదు. పోటీకి పేర్లు పంపే ముందు, దిమ్మెలున్న వైపు లోతు ఎంతో నిర్వాహకులను లిఖితపూర్వకంగా అడగాలి. లోతు చాలనప్పుడు విద్యార్థులను దిమ్మె ఎక్కనివ్వని అధ్యాపకునికి, ఫలితం ఏదైనను, కళాశాల అండగా నిలవాలి.

తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ చెప్పవలసినది ఇంకా చిన్నది. కాలువ అయినా, చెరువు అయినా, చలువరాయి పరచిన కొలను అయినా, ముందు కాళ్లతో దిగి చూడండి. అడుగు తెలిసిన తరువాతనే తల వంచండి. వడ్రంగి చేసిన ఆ బల్ల ఆటల గదిలో మూలన ఉన్నది. పైన చాప కొంచెము లేచింది, అతికించుకోవాలి. వచ్చే సంవత్సరం దూకబోయేవారు తాళం అడిగి తీసుకోవచ్చును.